వాల్వ్ తెరుచుకోదు, నాచు పెరగదు: ఇథనాల్ ప్లాంట్ గ్యాస్‌తో ఆల్గే ఆయిల్

పచ్చచెరువు_500
మాది 500 చదరపు మీటర్ల రేస్‌వే, అంటే పాడిల్ వీల్ (తెడ్ల చక్రం) నీళ్లని తిప్పుతూ ఉండే లోతు తక్కువ నాచు చెరువు. హెచ్‌డీపీఈ షీట్ పరిచాం, లోతు 25 సెంటీమీటర్లు, అంటే 1.25 లక్షల లీటర్ల బోరు నీళ్లు. నాచు సీనెడెస్మస్. కార్బన్ డయాక్సైడ్ పక్కనున్న ఇథనాల్ యూనిట్ ఫర్మెంటర్ల నుంచి గ్యాస్‌ని కడిగే స్క్రబ్బర్ దాటి పైపులో వస్తుంది. నత్రజనికి అమ్మోనియం సల్ఫేట్, భాస్వరానికి కొంచెం డీఏపీ. పీహెచ్ కంట్రోలర్ 7.5 దగ్గర పెట్టాం. దాటితే కరెంటుతో పనిచేసే సోలనాయిడ్ వాల్వ్ తెరుచుకుని గ్యాస్ వదులుతుంది.

మొదటి 18 రోజులు రోజుకు చదరపు మీటరుకు 10 గ్రాములు తగ్గలేదు. మూడో వారం చివర్లో వాల్వ్ తెరుచుకున్న ఐదారు సెకన్లకే పీహెచ్ 6.3కి పడిపోయి మూసుకోవడం మొదలైంది. ఇప్పుడు నాలుగో వారం. మీటరు 5.6 మీద కూర్చుంది, వాల్వ్ అసలు తెరుచుకోవడం లేదు. నాచు లీటరుకు 0.28 గ్రాము దగ్గర ఆగిపోయి రంగు పాలిపోతోంది. ప్రోబ్‌ను బఫర్‌లో రెండుసార్లు సరిచూశాం, బాగానే ఉంది. ఎరువు చాలలేదేమోనని ఇంకో 2 కిలోల అమ్మోనియం సల్ఫేట్ వేసినా తేడా లేదు. ఎక్కడ చూడాలి?

ఇంకోటి. ఎకరం చెరువు కడితే ఏడాదికి 40,000 లీటర్ల నూనె వస్తుందని పరికరాలు అమ్మేవాళ్లు కాగితం మీద రాసిచ్చారు. నమ్మొచ్చా?

సూక్ష్మదర్శిని
ముందు చుక్క నీళ్లు తీసి వంద రెట్లలో చూడండి. పెరుగుదల ఉన్నట్టుండి ఆగిందంటే నాచుని తినే కంటికి కనపడని పురుగులు, రోటిఫర్లు, పడ్డాయేమో. మిల్లీలీటరుకు పది దాటితే రెండు మూడు రోజుల్లో చెరువు ఖాళీ చేస్తాయి.

పచ్చచెరువు_500
చూశాం. రోటిఫర్లు లేవు, సిలియేట్లు ఒకటీ అరా. కణాలు పగల్లేదు, పచ్చదనం తగ్గింది అంతే.

బురదగుంట
అమ్మోనియా విషం అయ్యుంటుంది. పెరగనప్పుడు ఎరువు మీద ఎరువు వేస్తే నీళ్లలో మిగిలిపోతుంది కదా.

క్షారం_చూడు
@బురదగుంట 5.6 పీహెచ్‌లో అది కుదరదు. నాచుని చంపేది విడి అమ్మోనియా, అమ్మోనియం అయాన్ కాదు. 30 డిగ్రీల నీళ్లలో పీహెచ్ 8 ఉంటే మొత్తంలో దాదాపు 7 శాతం విడి అమ్మోనియాగా ఉంటుంది, పీహెచ్ 9లో 45 శాతం. 5.6లో లెక్కలోకి రాదు.

పచ్చచెరువు గారూ, మీ నీళ్లలో ఆల్కలినిటీ, అంటే ఆమ్లాన్ని పట్టుకునే శక్తి, అయిపోయింది. మీరు చెప్పిన వరుస అచ్చం దానిదే: ముందు బాగుండటం, తర్వాత వాల్వ్ తెరవగానే పీహెచ్ దబ్బున పడటం, చివరికి పీహెచ్ ఆమ్లంలో ఇరుక్కుని వాల్వ్ నిద్రపోవడం.

నాచు ఒక అమ్మోనియం అయాన్ తీసుకుంటే ఒక ఆమ్ల అయాన్‌ను నీళ్లలోకి వదులుతుంది. మీది రోజుకు 5 కిలోల నాచు. అందులో నత్రజని 7 శాతం చొప్పున 350 గ్రాములు, అంటే 25 మోల్స్. అంత ఆమ్లం 1.25 లక్షల లీటర్లలో కలిస్తే లీటరుకు రోజుకు 0.2 మిల్లీఈక్వివలెంట్ (ఆమ్ల, క్షారాల కొలత) ఆల్కలినిటీ ఖర్చు. బోరు నీళ్లలో కాల్షియం కార్బొనేట్ లెక్కన 200 మి.గ్రా. ఉందనుకుందాం, అది 4 మిల్లీఈక్వివలెంట్లు. 20 రోజుల్లో సున్నా. మీ చెరువు 18 రోజులు బాగా నడిచిందన్నారు.

సల్ఫేట్ ఆ ఆమ్లాన్ని పట్టుకోదు. పట్టుకునేది బైకార్బనేట్ ఒక్కటే. అది పోయాక పీహెచ్ మీటరు కార్బన్ గురించి ఏమీ చెప్పలేదు, ఆమ్లాన్ని మాత్రమే చూపిస్తుంది. కంట్రోలర్‌కి పీహెచ్ తక్కువ కనిపిస్తుంది కాబట్టి గ్యాస్ బోలెడు ఉందనుకుని వాల్వ్ మూసేస్తుంది. లోపల నాచు కార్బన్ లేక మాడిపోతుంటుంది.

రొయ్యల చెరువులకి నీళ్లు చూసే ల్యాబ్ ఏదైనా ఆల్కలినిటీ టైట్రేషన్ చేసిస్తుంది. భీమవరం, కైకలూరు వైపు వీధికొకటి. అది చేయించకుండా చెరువులో ఇంకేమీ వెయ్యొద్దు.

గోబర్‌గ్యాస్_గుంటూరు
క్షారం అన్న చెప్పింది కరెక్ట్. ఆరుబయట చెరువులో అమ్మోనియంని నైట్రేట్‌గా మార్చే (నైట్రిఫై చేసే) బ్యాక్టీరియా చేరితే ఇంకా వేగంగా పోతుంది, ఒక అమ్మోనియంకి రెండు ఆమ్ల అయాన్లు వదులుతాయి.

బురదగుంట
ఒప్పుకున్నా. ఆల్కలినిటీ తక్కువని తేలితే సున్నం వేస్తే సరిపోదా? చవక కూడా.

క్షారం_చూడు
సున్నం వద్దు. కాల్షియం వెళ్లి భాస్వరాన్ని కాల్షియం ఫాస్ఫేట్‌గా అడుక్కి దించేస్తుంది. సోడియం బైకార్బనేట్ వాడండి, 25 కిలోల బస్తాల్లో దొరుకుతుంది. లీటరుకు 3 మిల్లీఈక్వివలెంట్లు పెంచాలంటే 1.25 లక్షల లీటర్లకి 375 ఈక్వివలెంట్లు, ఒక్కోటి 84 గ్రాములు, మొత్తం 31.5 కిలోలు. డ్రమ్ములో కరిగించి పాడిల్ వీల్ ముందు పొయ్యండి, సగం ఈ రోజు, సగం రేపు. దాంతోపాటే నత్రజనిని యూరియాకి మార్చండి. యూరియా ఈ రకంగా ఆల్కలినిటీని తినదు. నైట్రేట్ అయితే తిరిగి పెంచుతుంది కూడా, కానీ ఖరీదు.

తెల్లకోటు
యూరియా గురించి ఒక మాట. ఎరువుల షాపులో దొరికే వేపపూత యూరియా వ్యవసాయానికి సబ్సిడీ మీద ఇచ్చేది. ఇలాంటి పనికి టెక్నికల్ గ్రేడ్ యూరియా కొనాలి. వేపనూనె పూత నీళ్ల మీద పొరలా తేలి నురగ కూడా తెస్తుంది.

సంపు_మేస్త్రీ
గ్యాస్ ఎక్కడ వదులుతున్నారు? చెరువు అడుగున పైపు పెట్టి 25 సెంటీమీటర్ల లోతులో వదిలితే చాలావరకు బుడగల్లోనే పైకి పోతుంది.

పచ్చచెరువు_500
అవును, పాడిల్ వీల్ దాటాక చిల్లుల పీవీసీ పైపు.

సంపు_మేస్త్రీ
ఆల్కలినిటీ సరిచేశాక మీకు కనిపించబోయే తర్వాతి నష్టం అదే. చెరువుకి అడ్డంగా ఒక సంపు కట్టండి, లోతు 1.2 నుంచి 1.5 మీటర్లు. మధ్యలో అడ్డుగోడ పెడితే నీళ్లు ఒక పక్క దిగి ఇంకో పక్క ఎక్కుతాయి. దిగే పక్కన, అడుగున సన్నబుడగల డిఫ్యూజర్ పెట్టాలి. నీళ్లు కిందికి, బుడగలు పైకి. ఎదురెదురు కాబట్టి బుడగ ఎక్కువసేపు నీళ్లలో ఉంటుంది. ఫర్మెంటర్ గ్యాస్ దాదాపు శుద్ధమైంది, ఇలాంటి సంపులో 90 శాతం దాకా కరుగుతుంది. బాయిలర్ పొగ గొట్టం గ్యాస్‌లో 10 నుంచి 15 శాతమే ఉంటుంది కాబట్టి ఏడెనిమిది రెట్ల గాలి తోయాలి, బ్లోయర్ కరెంటు తినేస్తుంది.

ఎంత కావాలంటే, కిలో ఎండు నాచుకి 1.83 కిలోల గ్యాస్. మీ 5 కిలోలకి రోజుకు 9.2 కిలోలు, అంటే ఇంచుమించు 5 ఘనపు మీటర్లు. పగటి తొమ్మిది గంటల్లో నిమిషానికి 10 లీటర్లు కూడా దాటదు. రోటామీటర్ (గ్యాస్ ప్రవాహం చూపే మీటరు) పెట్టి కొలవండి. ఇది దాటి చాలా పోతోందంటే ఆకాశానికి పోతోందన్నమాటే.

సంపులోకి శుభ్రం చేయడానికి మనిషిని దించే ముందు గ్యాస్ లైన్ చేతి వాల్వ్ కట్టేసి, తాళం వేసి, బ్లోయర్‌తో తాజా గాలి పంపి, మీటరుతో చూసుకోవాలి. ఈ గ్యాస్ గాలి కన్నా ఒకటిన్నర రెట్లు బరువు, గోతిలోనే నిలుస్తుంది. పడిపోయిన మనిషిని తీయడానికి దిగినవాడూ పడిపోతాడు. సోలనాయిడ్‌ని మాత్రం నమ్మొద్దు.

లెక్కల_మాస్టారు
40,000 లీటర్ల ప్రశ్నకి ఎవరూ జవాబివ్వలేదు, నేనిస్తాను.

40,000 లీటర్లు అంటే 36,800 కిలోలు. నాచులో 25 శాతం నూనె అనుకుంటే ఎండు నాచు 1,47,200 కిలోలు కావాలి. ఎకరం 4,047 చదరపు మీటర్లు, ఏడాదికి 300 రోజులు. రోజుకు చదరపు మీటరుకు 121 గ్రాములు. అంత పెరగాలంటే మీద పడే ఎండలో 13 శాతానికి పైగా నాచుగా మారాలి. బాగా నడిచే బయటి చెరువులో ఇది 2 శాతం అటూఇటూ.

అమెరికా ఇంధన శాఖ 1978 నుంచి 1996 దాకా ఆక్వాటిక్ స్పీషీస్ ప్రోగ్రామ్ నడిపింది. న్యూ మెక్సికోలోని రోజ్‌వెల్‌లో 1,000 చదరపు మీటర్ల చెరువులు కట్టి కొలిచారు. ఏ ఒక్కరోజో 50 గ్రాములు వచ్చింది, సగటు 10 దగ్గరే ఆగింది. అక్కడ రాత్రి చలి దెబ్బతీసింది. మన దగ్గర ఆ బాధ తక్కువ కాబట్టి 15 అనుకుందాం. ఎకరానికి రోజుకు 60 కిలోల నాచు, 15 కిలోల నూనె. ఏడాదికి 4.5 టన్నులు, 4,900 లీటర్లు. ఆ కాగితం మీద రాసినదాంట్లో ఎనిమిదో వంతు.

ఆశావాది_ఆల్గే
మాస్టారూ, నూనె శాతం 25 ఎందుకు తీసుకున్నారు? నత్రజని ఆపేస్తే 45, 50 శాతం కూడా పట్టేస్తుంది కదా. ప్రయోగశాలల్లో ఎప్పుడో చూపించారు.

లెక్కల_మాస్టారు
శాతం పెరుగుతుంది, పెరుగుదల పడిపోతుంది. మనకి కావాల్సింది రోజుకు చదరపు మీటరుకు ఎన్ని గ్రాముల నూనె అన్నది. 15 గ్రాముల్లో 25 శాతం అంటే 3.75 గ్రాములు. ఆకలితో 6 గ్రాములకి పడిపోయి 45 శాతం పట్టినా 2.7 గ్రాములే. నత్రజని లేకపోతే కొత్త ప్రొటీన్ కట్టలేదు, పచ్చదనం తగ్గుతుంది, పట్టే ఎండా తగ్గుతుంది.

తెల్లకోటు
మాస్టారి మాటతో సగమే ఏకీభవిస్తాను. రెండు దశల్లో చేస్తే ఆకలి పద్ధతికి చోటుంది. పెద్ద చెరువు ఎప్పుడూ నత్రజనితో పెరుగుతుండాలి, రోజూ తీసిన నాచుని చిన్న చెరువులో మూడు నాలుగు రోజులు ఆకలికి పెట్టాలి. ఆకలి చెరువు విస్తీర్ణం మొత్తంలో ఐదో వంతు దాటకపోతే నష్టం తక్కువ. ఆకలి చెరువులో ఎదుగుదల వేగం తగ్గి రోటిఫర్ల లాంటి వేటగాళ్లు తేలిగ్గా పడతారు కాబట్టి రోజూ మైక్రోస్కోప్ తప్పదు.

శాతం చెప్పేటప్పుడు ఎలా కొలిచారో కూడా అడగండి. క్లోరోఫామ్, మిథనాల్‌తో తీసి తూచిన దాంట్లో పచ్చరంగు, పొర కొవ్వులు అన్నీ కలిసుంటాయి. బయోడీజిల్‌కి పనికొచ్చే ఫ్యాటీ యాసిడ్లు ఎన్నో గ్యాస్ క్రొమటోగ్రఫీలోనే తెలుస్తాయి. తూచి 25 శాతం అన్నది అందులో సగానికి రావడం మామూలే.

గోబర్‌గ్యాస్_గుంటూరు
నూనె లెక్క అందరూ వేస్తున్నారు, ఎరువు లెక్క ఎవరూ వేయడం లేదు. 60 కిలోల నాచుకి రోజుకు 4.2 కిలోల నత్రజని, 0.6 కిలో భాస్వరం. డీఏపీ 3 కిలోలు, యూరియా 8 కిలోలు. 300 రోజులకి ఒక్క ఎకరానికి యూరియా 2,400 కిలోలు. 45 కిలోల బస్తాల్లో 53. డీఏపీ 50 కిలోల బస్తాలు 18. వరి వేసే ఏ రైతునైనా అడగండి, ఒక ఎకరానికి ఈ సంఖ్య ఎలా ఉందో చెబుతాడు. ఇంత ఎరువు బయటి నుంచి కొని 4,900 లీటర్ల నూనె తీయడం నాకు సబబుగా అనిపించదు. యూరియా తయారీకి కాల్చిన గ్యాస్ కూడా అందులో ఉంది.

మంచి సంగతేమిటంటే నూనెలో నత్రజని లేదు, భాస్వరం లేదు. నూనె తీశాక రెండూ మిగిలిన పిప్పిలోనే, అంటే చెక్కలోనే ఉంటాయి. ఆ చెక్కని బయోగ్యాస్ డైజెస్టర్‌లో వేసి, కారే ద్రవాన్ని చెరువుకి తిప్పితే ఎరువు తిరుగుతుంది. బయోగ్యాస్‌లో మూడో వంతు కార్బన్ డయాక్సైడే, అదీ సంపులోకే.

పచ్చచెరువు_500
గోబర్‌గ్యాస్ గారూ, స్లర్రీ వేస్తే మళ్లీ అమ్మోనియమే కదా? ఆల్కలినిటీ మళ్లీ పోదా?

గోబర్‌గ్యాస్_గుంటూరు
పోదు. డైజెస్టర్ ద్రవంలో అమ్మోనియం బైకార్బనేట్‌తో జతగా ఉంటుంది. నాచు అమ్మోనియం తిని వదిలిన ఆమ్లాన్ని దాంతో వచ్చిన బైకార్బనేటే పట్టుకుంటుంది. మీ అమ్మోనియం సల్ఫేట్‌లో ఆ జత లేదు, తేడా అదే.

లీటరుకు 1 గ్రాము అమ్మోనియం నత్రజని ఉన్న ద్రవం అయితే మీ 500 చదరపు మీటర్లకి రోజుకు 350 లీటర్లు చాలు. ఒక రోజు తొట్టిలో తేర్చి, పైది 100 మైక్రాన్ల గుడ్డలో వడపోసి, పొద్దున వాల్వ్ పని మొదలయ్యాక పాడిల్ వీల్ ముందు సన్నధారగా వదలాలి. ఒక మూలన గుమ్మరిస్తే అక్కడ నాచు మాడుతుంది. పీహెచ్ 8.5 దాటితే ఆ రోజు వద్దు, విడి అమ్మోనియా గాల్లోకి కూడా పోతుంది.

ఆశావాది_ఆల్గే
అయితే ఒకసారి ఎరువు వేస్తే ఇక కొనక్కర్లేదన్నమాట. ఇంతకన్నా ఏం కావాలి!

గోబర్‌గ్యాస్_గుంటూరు
అంత తిరగదు తమ్ముడూ. చెక్కలో నత్రజని సగం నుంచి మూడింట రెండొంతులే అమ్మోనియంగా కరుగుతుంది, మిగతాది అరగని కణగోడల్లో బురదతో పోతుంది. భాస్వరం కొంత డైజెస్టర్‌లోనే కాల్షియం, మెగ్నీషియంతో గట్టిపడుతుంది. పైపుల్లో తెల్లగా పేరుకునేది చాలాసార్లు స్ట్రూవైట్ (మెగ్నీషియం, అమ్మోనియం, భాస్వరం కలిసి గట్టిపడిన ఉప్పు), దాన్ని గోకి పారేయకుండా ఎండబెట్టి దాచుకోండి.

నాచు చెక్కలో కార్బన్, నత్రజని నిష్పత్తి 6 దగ్గరే. ఒంటిగా వేస్తే అమ్మోనియా పెరిగి మీథేన్ బ్యాక్టీరియా మందగిస్తుంది. వరిగడ్డి కలపాలి. నిష్పత్తి 20 చేయాలంటే కిలో చెక్కకి 4 కిలోల గడ్డి పడుతుంది, అంత అక్కర్లేదు. 2.3 కిలోలతో 15కి వస్తుంది. మనకి ద్రవంలో అమ్మోనియం కావాలి కాబట్టి నేనైతే అక్కడే ఆపుతాను. గడ్డి రెండు సెంటీమీటర్లకి తరగాలి, లేకపోతే పైన తెట్టు కడుతుంది. హెక్సేన్‌తో నూనె తీసిన చెక్క అయితే ముందు ఆవిరితో హెక్సేన్ పూర్తిగా పోగొట్టాలి.

కరెంట్_బిల్లు
నాచుని నీళ్లలోంచి తీయడం దగ్గరికి ఎవరూ రాలేదు. లీటరుకు అర గ్రాము. ఎకరానికి 60 కిలోలు తీయాలంటే రోజుకు 1.2 లక్షల లీటర్లు వడకట్టాలి. ఘనపు మీటరుకు ఒక్క యూనిట్ తినే సెంట్రిఫ్యూజ్ అయినా 120 యూనిట్లు. 15 కిలోల నూనెలో ఉన్న శక్తి మొత్తం 154 యూనిట్లకి సమానం. ఇంకా పాడిల్ వీల్ తిప్పలేదు, ఎండబెట్టలేదు.

ఎండబెట్టడం ఇంకా ఘోరం. 20 శాతం ముద్దని 90 శాతం పొడి చేయాలంటే కిలో నాచుకి 3.9 కిలోల నీళ్లు ఆవిరి చేయాలి. 60 కిలోలకి సుమారు 600 మెగాజౌళ్లు. నూనెలో ఉన్నది 555.

కాబట్టి ముందు తేర్చాలి. సీనెడెస్మస్ గుంపులుగా ఉంటుంది, శంకు తొట్టిలో రాత్రంతా వదిలితే చాలావరకు దిగుతుంది. నానోక్లోరోప్సిస్ 2 నుంచి 4 మైక్రాన్లు, దానంతటది దిగదు. లీటరుకు 10 గ్రాములకి తేరితే సెంట్రిఫ్యూజ్‌కి వెళ్లేది 6,000 లీటర్లే.

బురదగుంట
తాగునీటికి వేసినట్టు పటిక వేస్తే గంటలో దిగుతుంది. చవక.

గోబర్‌గ్యాస్_గుంటూరు
@బురదగుంట పటిక వేస్తే ఇంతసేపు చెప్పిన చక్రం తెగిపోతుంది. అల్యూమినియం భాస్వరాన్ని గట్టిగా పట్టేసి బురదలోకి తీసుకెళ్తుంది, డైజెస్టర్‌లో కూడా వదలదు. పైగా అది ఆల్కలినిటీని కూడా తింటుంది. నీళ్లు తిరిగి చెరువుకే వెళ్లాలి కదా, పచ్చచెరువు గారు మళ్లీ మొదటికొస్తారు. కైటోసాన్ (రొయ్య పెంకుల నుంచి తీసే, నాచుని ముద్దకట్టించే పదార్థం) అయితే నాకు అభ్యంతరం లేదు, ఖర్చే అడ్డం.

బురదగుంట
సరే, పటిక వెనక్కి తీసుకుంటున్నా.

తెల్లకోటు
కరెంట్_బిల్లు గారి ఎండబెట్టే లెక్కకి ఒక దారి ఉంది, హైడ్రోథర్మల్ లిక్విఫాక్షన్. తడి ముద్దనే, 15 నుంచి 20 శాతంతో, 300 నుంచి 350 డిగ్రీల్లో, 200 బార్ల దాకా ఒత్తిడిలో ఉడికిస్తే ముడిచమురు లాంటిది వస్తుంది. ఆవిరి చేయక్కర్లేదు. కానీ ఆ చమురులో నత్రజని కూడా వెళ్తుంది, రిఫైనరీలో తీయాలి. మిగిలిన నీళ్లలో అమ్మోనియం, భాస్వరం ఉంటాయి, ఫినాల్స్ కూడా ఉంటాయి. బాగా పలచన చేయకుండా చెరువులో పోస్తే నాచు చస్తుంది. 500 చదరపు మీటర్ల స్థాయిలో ఆ ప్రెషర్ వెసెల్ జోలికి పోవద్దు.

తేర్చిన ముద్దని ఎండలో అలాగే ఉంచొద్దు. కొన్ని గంటల్లో లైపేజ్ ఎంజైములు నూనెని విరిచి ఆమ్లత పెంచుతాయి. తర్వాత కాస్టిక్‌తో బయోడీజిల్ చేయబోతే సబ్బవుతుంది.

లెక్కల_మాస్టారు
ఇథనాల్ యూనిట్ పెద్దదయితే గ్యాస్ అంతా నాచుకే ఇద్దామనుకోవద్దు. లీటరు ఇథనాల్‌కి 0.75 కిలో గ్యాస్ వస్తుంది. రోజుకు 60,000 లీటర్ల యూనిట్ అంటే 45 టన్నులు. ఎకరం నాచు తినేది రోజుకు 110 కిలోలు. 400 ఎకరాలు కావాలి. అదీ పగలే, ఫర్మెంటర్ రాత్రి కూడా వదులుతుంది.

క్షారం_చూడు
రాత్రి గ్యాస్‌ని సోడా యాష్ (సోడియం కార్బొనేట్) ద్రావణంలో బైకార్బనేట్‌గా పట్టి పగలు చెరువుకి ఇవ్వొచ్చు. 106 కిలోల సోడాకి 44 కిలోల గ్యాస్ పడుతుంది. నాచు తిన్నాక మిగిలేది మళ్లీ కార్బొనేటే, తిప్పుకోవచ్చు. అయితే పీహెచ్ 9.5, 10 తట్టుకునే రకం కావాలి. స్పిరులినా హాయిగా తట్టుకుంటుంది కానీ దానిలో నూనె 10 శాతం కూడా ఉండదు. సీనెడెస్మస్‌తో వద్దు.

పచ్చచెరువు_500
ఫలితం. ల్యాబ్ టైట్రేషన్‌లో ఆల్కలినిటీ 12 వచ్చింది, బోరు నీళ్లలో 205. రెండు రోజుల్లో 32 కిలోల బైకార్బనేట్ కరిగించి పోశాం, ఇప్పుడు 160. అమ్మోనియం సల్ఫేట్ ఆపి యూరియాకి మారాం. రెండో రోజు నుంచి వాల్వ్ తెరుచుకుంటోంది, పీహెచ్ 7.3, 7.6 మధ్యే ఆడుతోంది. నాలుగు రోజుల్లో 0.28 నుంచి 0.41కి వచ్చింది, రంగు తిరిగింది. క్షారం గారికి, మాస్టారికి, గోబర్‌గ్యాస్ గారికి చాలా థాంక్స్. ఎకరం మాట పక్కన పెట్టాం. ముందు సంపు, తర్వాత 2 ఘనపు మీటర్ల డైజెస్టర్.

ఎండలకి రోజుకు 8 మిల్లీమీటర్లు ఆవిరైపోతోంది, అంటే 4,000 లీటర్లు. బోరు నీళ్లతో నింపుతున్నాం. తేర్చిన నీళ్లు కూడా తిరిగి వస్తున్నాయి. ఉప్పు పేరుకోదా?

క్షారం_చూడు
పేరుకుంటుంది. ఆవిరయ్యేది నీళ్లే, బోరు ఉప్పు అక్కడే ఉంటుంది. మీ 1.25 లక్షల లీటర్లలో 4,000 అంటే నెలకి దాదాపు చెరువంత నీళ్లు. బోరు టీడీఎస్ (లీటరులో కరిగిన ఉప్పు, మి.గ్రా.లలో) 800 అయితే నెలలో 1,600కి చేరుతుంది, ఇప్పుడు వేసిన బైకార్బనేట్ అదనం. వారానికోసారి కండక్టివిటీ మీటరు పెట్టండి. 4,000 దాటితే తేర్చిన నీళ్లలో పదో వంతు బయటికి వదిలి వాన నీళ్లతో నింపండి. ఆ వదిలేదాంట్లో ఎరువు ఉంటుంది, పొలానికి పెట్టే ముందు మట్టి ఉప్పు చూసుకోవాలి.

కరెంట్_బిల్లు
పాడిల్ వీల్‌ని రాత్రి సగం వేగానికి దించండి. కరెంటు ఖర్చు నీటి వేగం ఘనంతో పెరుగుతుంది. సెకనుకు 20 సెంటీమీటర్ల నుంచి 30కి పెంచితే మూడున్నర రెట్లకి దగ్గరగా. రాత్రి నాచు అడుక్కి దిగకుండా ఉంటే చాలు.

సూక్ష్మదర్శిని
నాచు తీయడం పొద్దున కాదు, సాయంత్రం పెట్టుకోండి. రాత్రి వేడి నీళ్లలో శ్వాసకే పగలు కూడబెట్టిన దాంట్లో పది శాతం పైనే పోతుంది. రోటిఫర్ల మీద కన్నేసి ఉంచండి. కనపడితే పెద్దవాటిని 50 మైక్రాన్ల వలతో వడపోసి తీయొచ్చు, సీనెడెస్మస్ దాంట్లోంచి జారిపోతుంది.

పచ్చచెరువు_500
సంపు అడ్డుగోడ కింద ఎంత సందు వదలాలి మేస్త్రీ గారూ? కాలువ వెడల్పు 4 మీటర్లు, వేగం సెకనుకు 22 సెంటీమీటర్లు.

సంపు_మేస్త్రీ
కాలువలో నీటి లోతు 25 సెంటీమీటర్లు కాబట్టి సందు కనీసం 40 పెట్టండి, తక్కువైతే అడ్డుగోడ ముందు నీరు ఎత్తుకుంటుంది. దిగే పక్క పొడవు 60 సెంటీమీటర్లు ఉంటే నీటి వేగం సెకనుకు 9 సెంటీమీటర్లకి తగ్గుతుంది, సన్నబుడగ పైకెక్కే వేగం దాని కన్నా ఎక్కువే కాబట్టి బుడగ కిందికి లాక్కుపోకుండా అక్కడే ఆడుతుంది. అడుగున మూలలు గుండ్రంగా మలచండి, బురద ఆగదు.